పద్మావతిగారు కొన్న దారి

నిన్న రేపల్లెలో ఒక పాత ఇంటి పైకప్పు దింపిస్తుంటే తడిసిన పెంకుల వాసన గుప్పుమంది. నాచు, వంటింటి మసి, ఏళ్ల తరబడి ఇంకిన వాన, అన్నీ కలిసిన వాసన. పనివాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, పద్మావతిగారు నా పక్కన వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది.

తెనాలిలో ఆవిడ ఇంట్లోనే ఒక వాటాలో అద్దెకుండేదాన్ని. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఆవిడ రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. భర్త పోయాక పుట్టింటివాళ్లిచ్చిన కాస్త పొలం అమ్మి, ఎవరికీ అక్కర్లేని పాత ఇళ్లు కొని, బాగుచేసి, అద్దెలకివ్వడం మొదలుపెట్టారు. ఆ అద్దెలు కూడబెట్టి ఇంకొకటి కొనేవారు. ఆవిణ్ణి చూసి నాకూ ఆశ పుట్టింది. కర్లపాలెం దగ్గర ఒక ప్లాటు చూసుకొచ్చాను. రంగురంగుల జెండాలు, తెల్లగా మెరిసే హద్దురాళ్లు. అడ్వాన్సు ఇవ్వబోతూ ఆవిడకు చెప్పాను.

“వానలో చూశావా?” అన్నారు.

“లేదండి.”

“ఎండలో ప్రతి చేనూ అందంగానే ఉంటుందమ్మా. కాస్త ఆగు.”

ముసురు పట్టిన ఒక రోజు నన్ను బస్సెక్కించి తీసుకెళ్లారు. నేను మనసుపడ్డ ప్లాటులో మోకాటి లోతు నీళ్లు, ఆ నీళ్లలో కొంగలు. ఆవిడ ఎగతాళి చేయలేదు. గొడుగు నా వైపు జరిపి, “పద, వేడిగా టీ తాగుదాం,” అన్నారు.

ఆ తర్వాత నేను మొదట కొన్నది రేపల్లె స్టేషను వెనక రెండు గదుల పెంకుటిల్లు. సగం వాటా నాది, సగం ఆవిడది. కూలిపోయేలా ఉన్న ఆ ఇంటిని చూసి నా ముఖం వాడిపోయింది. ఆవిడ గోడ మీద చెయ్యేసి, “ఇల్లు ముసలిదే గానీ చోటు మంచి వయసులో ఉంది,” అన్నారు. రైలు దిగి నడిచొచ్చేంత దూరం, పక్కనే రైసు మిల్లులు. పెంకులు మార్పించి, స్నానాలగది కట్టించగానే మిల్లు గుమాస్తా కుటుంబం దిగింది. నేను పాఠం చెప్పకుండా, చెమటోడ్చకుండా మొదటి అద్దె చేతికొచ్చిన రోజు, ఇదేదో మంత్రమనిపించింది.

అసలు మంత్రం ఏంటో తర్వాత తెలిసింది. బాపట్ల దగ్గర పొలం కొని ప్లాట్లు వేశారావిడ. కాగితాల పని నేను చూసేదాన్ని. నిజాంపట్నంలో పడవల మీద బతికే కుటుంబాలు కొన్ని వాటిని కొనుక్కున్నాయి. పునాదులు లేచాయి. అంతలో మా ప్లాట్లకు ముందున్న చేను యజమాని పోయాడు. ఊరంతా ఎన్నో ఏళ్లుగా నడిచే బండిదారికి అడ్డంగా అతని కొడుకు కంచె వేశాడు. సర్వే చేయిస్తే, దారి నిజంగానే అతని పట్టాభూమిలో ఉందని తేలింది. ఇటుకల ట్రాక్టరు కంచె దగ్గరే ఆగిపోయింది.

ప్లాట్లు కొన్నవాళ్లలో పెద్దావిడ మస్తానమ్మ తెనాలి దాకా వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. “సముద్రానికి దూరంగా పడుకుందామనుకున్నామండి. ఇంట్లోకి ఎగిరి దూకాలా అమ్మగారూ?” అంది.

వ్యాపారంలో ఉన్నవాళ్లంతా ఒకటే మాట. రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక మనకేంటి సంబంధం? నిజం చెప్పాలంటే నేనూ అదే అన్నాను.

“నేను దారి ఉందని చెప్పి అమ్మానమ్మా,” అన్నారావిడ.

బాపట్ల రోడ్డు మీద ఆవిడకు ఒక మూల స్థలం ఉండేది. తను కొన్నవాటన్నిటిలోకీ మేలైనది, ముసలితనానికని దాచుకున్నది. ఆ స్థలాన్ని కంచె వేసిన ఆ కొడుక్కి రాసిచ్చి, బదులుగా ఆ సన్నటి దారి ముక్క తీసుకున్నారు. తీసుకున్న రోజే దాన్ని పంచాయతీ పేర రాసిచ్చేశారు. సంతకం చేస్తుంటే ఆవిడ చేతినే చూస్తూ నిలబడ్డాను. సంతకం పూర్తిచేసి, పెన్నుకు మూత పెట్టి తిరిగిచ్చేశారు.

బయటికొచ్చాక ఉండబట్టలేక, “మీకేం మిగిలిందండీ?” అన్నాను.

“రేపు ఆ ఊరెళ్తే మంచినీళ్లిస్తారు,” అని నవ్వారు.

మంచినీళ్లే కాదు. ఆ తర్వాత నిజాంపట్నంలో ఎవరు స్థలం కొనాలన్నా మస్తానమ్మ వాళ్లను వెంటబెట్టుకుని ఆవిడ గుమ్మానికే వచ్చేది. పోగొట్టుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ ఆ గుమ్మంలోంచే వచ్చింది. కానీ సంతకం పెట్టిన రోజున ఆవిడకు ఆ సంగతి తెలియదు.

ఆవిడ ఇప్పుడు లేరు. స్కూలు మానేసి నేను ఇదే వృత్తిలో స్థిరపడ్డాను. ఏ స్థలం అమ్మినా, కొన్నవాళ్లు ఇల్లు కట్టుకుని దిగాక ఒకసారి వెళ్లి తలుపు తడతాను. “అంతా బాగుందా అమ్మా?” అని అడుగుతాను. ఆ తలుపు తట్టడానికి జంకు పుట్టేలా ఉంటే, ఆ స్థలం ఎంత లాభం తెచ్చేదైనా అమ్మను.