రేపు మాస్టారి ఆట

మా వీధిలో మా ఆయనకు 'రేపు మాస్టారు' అని పేరు. ప్యాంటు ఎప్పుడిస్తారని ఎవరడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. పని రాక కాదు, బద్ధకమూ కాదు. కుట్టడం అయ్యాక బట్టను తిరగేసి, లోపలి దారం పోగులన్నీ కత్తిరిస్తేగాని చేతికివ్వడు. "లోపల ఎవడు చూడొచ్చాడండీ?" అని పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. "వేసుకున్నవాడికి తెలుస్తుందిలే" అన్నాడు. ఆ మొండితనంతోనే ఇన్నాళ్ళూ కాపురం చేశాను.

ముందు సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలవడం మొదలుపెట్టాడు. తరువాత నల్లబట్ట మీద నల్లదారం కనబడటం లేదన్నాడు. కళ్ళ డాక్టరమ్మ పరీక్షించి, కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా ఎంతోకాలం నిలవదనీ చెప్పింది. వేరే మందేదైనా ఉందేమోనని నేను ఆవిడను బతిమాలుతున్నాను. ఆయన మాత్రం ఆవిడ తెల్లకోటు చేతికి వేలాడుతున్న నీలం పోగు మీదికి వంగి, "కత్తెర ఉందా అమ్మా?" అని అడిగాడు.

కుట్టుమిషను మూలపడింది. మనిషి పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అది చూడలేక మా అన్నయ్య కూతురు ఒక వీడియో ఆట తెచ్చి టీవీకి తగిలించింది. సందు చివర ఫోన్లు బాగుచేసే కొట్టు దానిది.

"మామయ్యా, ఇది నేను పుట్టకముందు ఆట. ఇప్పుడు రంగులు తేటగా వేసి, అక్షరాలు పెద్దవి చేసి మళ్ళీ వదిలారు. కథ మాత్రం పాతదే. అందులో మనిషివి నువ్వే."

"ఈ వయసులో నాకు బొమ్మలాటలేమిటే?"

"ముందు కూర్చో, తర్వాత తిడుదువుగాని."

కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. కొండమీద రాక్షసి ఒకతె ఏటిని మింగేసింది. కింద ఊళ్ళన్నీ ఎండిపోయాయి. మనవాడు కత్తి పట్టుకుని ఊరూరా తిరుగుతూ కొండకు చేరాలి. జనానికి గొంతులుండవు, వాళ్ళ మాటలు తెర మీద అక్షరాలుగా వస్తాయి. మా ఆయన వాటిని పైకి చదువుతూ నవ్వేవాడు, ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేవాడు. ఇంట్లో మళ్ళీ మనిషి అలికిడి వినిపించింది.

ఇదే వరసలో తరువాతి కథలు ఇంకా ఉన్నాయని తెలిసి ఆయన ముఖం వెలిగింది. "అవీ తేవే" అన్నాడు.

"వాటిలో అక్షరాలు చీమల్లా ఉంటాయి మామయ్యా. రెండోది కూడా ఇలాగే పెద్దగా చేస్తున్నారట, వచ్చే ఏడాది వస్తుంది."

"వచ్చే ఏడాదా" అన్నాడు, అంతే. ఈ ఒక్కదాని ముగింపైనా ఆయన కళ్ళతో ఆయన చూస్తే చాలనుకున్నాను.

కానీ కొండెక్కితేగా. దారిలో కనబడ్డ ప్రతివాళ్ళూ ఏదో పని చెబుతారు. ఒకావిడ మేక తప్పిపోయింది, పడవ నడిపే ఒక తాతకు తెడ్డు విరిగింది, ఇంకెవరి బిడ్డకో మందాకు కావాలి. అవేవీ చెయ్యకపోయినా ముగింపు వస్తుందని పిల్ల నెత్తీ నోరూ కొట్టుకుంది.

"మేక పోయిందని ఆవిడ ఏడుస్తోందే."

"అది బొమ్మ మామయ్యా."

"బొమ్మయితే మాత్రం, మాటిచ్చాను కదా."

నాకు ఒళ్ళు మండింది. "మీ చాదస్తం తగలెయ్య. ముందు కొండెక్కి ఆ రాక్షసి సంగతి చూడండి. కళ్ళుండగా చూడాలా వద్దా?"

"రేపు" అన్నాడు.

కుర్చీ రోజురోజుకూ టీవీ దగ్గరికి జరిగింది. చివరికి ముక్కు తెరకు తగిలేలా కూర్చునేవాడు. మేక దొరికింది, మందాకు దొరికింది. ఒక పొద్దున కాఫీ తాగి వచ్చి, "ఏమే, టీవీ పెట్టు" అన్నాడు. టీవీ వెలుగుతూనే ఉంది.

ఇక కొండ ఒక్కటే మిగిలింది. ఎన్నాళ్ళో ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఒక మధ్యాహ్నం తనే, "నువ్వు చూసి చెప్పు, నేను నొక్కుతాను" అన్నాడు. ఎడమనుంచి వస్తోంది, నిప్పు కక్కుతోంది, వెనక్కి, వెనక్కి అని గొంతు పోయేలా అరిచాను. ఓడాం, మళ్ళీ ఓడాం. ఆఖరికి రాక్షసి కూలింది. ఏరు గలగలా దిగింది. మనవాడు కొండ దిగి వంతెన దగ్గరికి వచ్చాడు. వంతెన నిండా జనం. ఎవరెవరి పని చేసిపెడితే వాళ్ళే అక్కడికి వస్తారని పిల్ల ముందే చెప్పింది. కాలు పెట్టే చోటు లేదు.

"చదవవే."

"అక్షరాలేం లేవండీ. అందరూ చేతులూపుతున్నారు."

"ఎవరెవరొచ్చారు?"

నాకేం తెలుసు? ఆయన వాళ్ళకోసం తిరిగినన్నాళ్ళూ నేను వంటింట్లో సణుక్కుంటున్నాను. వాళ్ళ ముఖాలు ఒక్కటీ ఎరగను.

"మేకావిడ వచ్చిందా?"

"వచ్చిందండీ. మేక కూడా పక్కనే ఉంది."

ఆయన ముఖం విప్పారింది. "పడవ తాతో?"

"ముందు వరసలోనే ఉన్నాడు. మిమ్మల్ని చూసి నవ్వుతున్నాడు."

ఆయన చేతిలోని మీటల పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తాత పోయాడే. నన్ను ఏరు దాటించిన రోజే పోయాడు. అప్పుడు నీకు చెప్పాను కూడా, నువ్వు కూర తరుగుతున్నావు."

ఉండండి, సరిగ్గా చూసి చెబుతానంటూ తెర వైపు తిరిగాను. వంతెన ఖాళీగా ఉంది.

"ఇప్పుడెవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

సాయంత్రం పిల్ల వచ్చి, ఆ ముగింపు మళ్ళీ వేసుకోవచ్చు మామయ్యా, ఎన్నిసార్లయినా చూడొచ్చు అంది.

"ఎవరు చూడటానికే?" అన్నాడు మా ఆయన.