సి, ఐ, డి ఉన్న మాటలు

పోయిన ఏడాది మా చర్చి స్త్రీల సమాజం వార్షికోత్సవానికి పోటీలు పెట్టే పని నా మీద పడింది. తిరువూరులో ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నదాన్ని కదా అని, కుర్చీలాటతో పాటు ఒక ఇంగ్లీషు పోటీ కూడా పెట్టాను. సి, ఐ, డి అనే మూడక్షరాలు అదే వరసలో పక్కపక్కన ఉండే ఇంగ్లీషు మాటలు, పది నిమిషాల్లో ఎన్ని రాయగలిగితే అన్ని. కాయితాలు పంచగానే వెనక వరసలో నవ్వులు. "సిఐడీలని దింపారేంటండీ టీచర్ గారూ!" అన్నారెవరో.

చుట్టుపక్కల ఊళ్ళ సంఘాల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. ఓ ఇరవై మంది పోటీకి కూర్చున్నారు. వాళ్ళలో పెనుగొలను సంఘం నుంచి వచ్చిన ఆమెను చూసి ఆశ్చర్యపోయాను. నలభై ఏళ్ళుంటాయి. మిరప చేలల్లో కూలికి వెళుతుంది. ఏడో తరగతితో చదువు ఆపేసిందని ఎప్పుడో మాటల్లో చెప్పింది.

దిద్దడం మొదలుపెట్టాను. బ్యాంకు ఉద్యోగి భార్య ఒకావిడ తొమ్మిది మాటలు రాసింది. అదే ఎక్కువనుకున్నాను. తర్వాత పెనుగొలను ఆమె కాయితం చేతికొచ్చింది. పదకొండు మాటలు. ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, నెమటిసైడ్, మిటిసైడ్, వీడిసైడ్... అన్నీ పెద్దబడి అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా. మిటిసైడ్ అనే మాట ఉందో లేదో నాకే తెలీదు. పైగా, బడిపిల్లలు కూడా రాసే డిసైడ్ లేదు, యాక్సిడెంట్ లేదు. తేలికవి రాకుండా కష్టమైనవి ఎలా వస్తాయి? ఎవరో జాబితా ఇచ్చి బట్టీ పట్టించారు అనుకున్నాను. అలా అనుకున్నాక ఇంకోలా ఆలోచించలేకపోయాను.

ఆమెను ముందుకు పిలిచాను.

"ఇవి నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి."

"మరి డిసైడ్ ఎందుకు రాయలేదు?"

"అది నాకు తెలీదండి."

అందరూ నవ్వారు. ఆమె తల దించుకుంది. బహుమతి హాట్ బాక్సు బ్యాంకాయన భార్యకి ఇచ్చేశాను. పెనుగొలను ఆమె భోజనాలకి కూడా ఆగకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

నా అనుమానం అక్కడితో ఆగలేదు. ముందురోజు జిరాక్స్ తీయించిన పోటీ ప్రశ్న కాయితాల కట్ట పాస్టరమ్మ గారి ఇంట్లోనే ఉంచాను. ఆమెకి పెనుగొలను సంఘం వాళ్ళంటే ఇష్టం. గిన్నెలు కడిగే చోట మెల్లగా అడిగాను.

"ఆ కాయితాలు ఎవరికైనా చూపించారాండీ?"

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నన్ను అనుమానిస్తున్నారా టీచర్ గారూ?"

"అబ్బే, ఊరికే అడిగానండి," అన్నాను. అబద్ధమే. మర్నాడు జిరాక్స్ షాపుకి కూడా వెళ్ళి, అక్కడి కుర్రాడిది ఏ ఊరో కనుక్కున్నాను. రెడ్డిగూడెం అన్నాడు. అయినా నమ్మకం కుదరలేదు.

నెల తర్వాత మా డాబా మీద గులాబీ ఆకులు ముడుచుకుపోతుంటే మందు కోసం పురుగుమందుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ఇచ్చిన సీసా మీద పెద్దబడి అక్షరాల్లో ఉంది, మిటిసైడ్ అని. అలాగే నిలబడి చూశాను. వెనక అరలో ఫంగిసైడ్, ఆ పక్కన వీడిసైడ్.

"ఏంటండీ, మీరూ అలా చదువుతున్నారు?" అన్నాడు కొట్టాయన. "పెనుగొలను నుంచి ఒకామె వస్తుందండి. కొనేది రైతే గానీ, ఆమె ప్రతి డబ్బా తిప్పి చదివితే గానీ సంచిలో వేసుకోదు."

ఆ ఆదివారం ప్రార్థన కాగానే పెనుగొలను వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచింది కానీ లోపలికి రమ్మనలేదు.

"మళ్ళీ ఏమైనా అడగాలా అండీ?" అంది.

"లేదమ్మా. తప్పు నాది. డబ్బాలు చూశాను."

ఆమె నా ముఖంలోకి చూసింది, నా మాట నమ్మొచ్చో లేదో అన్నట్టు. తర్వాత కుర్చీ తెచ్చి వేసింది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట ఒక రైతు డబ్బా చేతికిచ్చి డ్రమ్ములో కలపమన్నాడు. కలిపింది. వారం తిరక్కుండా మిరప చేను మాడిపోయింది. అది పురుగు మందు కాదు, కలుపు మందు. డబ్బా మార్చింది నువ్వే కదా అని రైతు ఆ చేలోనే అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి తప్పు నాదేనన్నారండి. ఆ ఏడాదంతా ఎవరూ పనికి పిలవలేదు."

అప్పటినుంచి, చదవకుండా ఏ డబ్బా మూతా తీయలేదట. ఏడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ, కూతురి పాత నోటుపుస్తకంలో ఒక్కో పేరూ ఎక్కించుకుంది. తెలియనివి కొట్టాయన్ని అడిగింది. ఆ పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. పేజీలకి ఇంకా మందు వాసన వేస్తోంది.

"ఆ రోజు ఇదంతా చెప్పొచ్చు కదమ్మా?"

"అందరిలో నిలబెట్టి అడిగేసరికి, ఆ చేలో అడిగినట్టే అనిపించిందండి. నోరు రాలేదు."

నేను కొని తీసుకెళ్ళిన హాట్ బాక్సు ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఇక్కడిస్తే ఎవరికి తెలుస్తుందండి?" అంది. కోపంగా అనలేదు.

నిజమే. తరువాతి నెల అన్ని సంఘాలూ కలిసే కూడికలో లేచి నిలబడి, ఆమెను అనుమానించానని, ఆ మాటలన్నీ ఆమె మందు డబ్బాల మీద చదివి నేర్చుకున్నవేనని, పోటీ గెలిచింది ఆమేనని చెప్పాను. పాస్టరమ్మ గారిని కూడా తప్పుగా అనుకున్నానని అక్కడే ఒప్పుకున్నాను. ఆమె చప్పట్లయితే కొట్టారు గానీ, ఇప్పటికీ నాతో పనున్నంత వరకే మాట్లాడతారు. ఎందుకని అడిగే హక్కు నాకు లేదు.

పెనుగొలను ఆమె వచ్చి బహుమతి తీసుకుని, నా పక్కనే కాసేపు నిలబడింది. గొంతు తగ్గించి, "ఆ మాడిపోయిన చేను రైతు వాళ్ళ అమ్మగారు కూడా వచ్చారండి. మూడో వరసలో కూర్చున్నారు. విన్నారు," అంది.

నేను అటు చూశాను. పచ్చచీర కట్టుకున్న పెద్దావిడ ఒళ్ళో బైబిలు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.