కాలవలో పోసిన హైపో

ఇరవై రెండేళ్ల వయసులో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది. నా తోటివాళ్లలో కొందరికి సినిమాలు, కొందరికి పేకాట, ఒకడికైతే పక్కవీధిలో కుట్టుమిషను నేర్చుకునే అమ్మాయి. నాకు జాబితాలు. పొద్దున లేచాక చెయ్యాల్సిన పనులు, మర్చిపోకూడని వస్తువులు, ఎవరికి ఏం చెప్పాలో ఆ మాటలు, అన్నీ వరస నంబర్లు వేసి కాగితం మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. జాబితా జేబులో ఉందో లేదో చూసుకోవాలన్నది కూడా జాబితాలోనే ఉండేది (ఏడో అంశం). పశువైద్యంలో కాంపౌండరు శిక్షణ పూర్తిచేసి, మాచర్ల రైలుదారిలో ఉన్న ఒక ఊరి పశువుల ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరినప్పుడు నా దగ్గర ఒక ట్రంకుపెట్టె, ఒక సైకిలు, శిక్షణలో రాసుకున్న నాలుగు నోటుపుస్తకాలు, లోకంలో ఏ సమస్యనైనా పన్నెండు అంశాల్లో తేల్చెయ్యొచ్చన్న నమ్మకం ఉండేవి. పంతొమ్మిది వందల ఎనభైల మాట ఇది. ఆ నమ్మకం అరిగిపోవడానికి నాకు పట్టిన కాలం సరిగ్గా మూడు వారాలు.

చేరిన మొదటి వారమే మందుల బీరువా సర్దాను. అప్పటిదాకా అందులో సీసాలు ఎవరికి తోచిన చోట వాళ్లు పెట్టినట్టుండేవి. నేను వాటిని అక్షరక్రమంలో నిలబెట్టాను. వానాకాలపు తేమకో, పురుగులకో, లేబుళ్లు పోయిన సీసాలు కొన్ని వెనక వరసలో తేలాయి. అటెండరు పెద్దాయన, అంటే ఆ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా పశువుల మూతులు పట్టుకుంటున్న మనిషి, గుమ్మంలో కూర్చుని బీడీ తాగుతూ ఇదంతా చూస్తున్నాడు. "లేబుల్ లేని సీసా మందు కాదు, ప్రమాదం. అన్నీ కాలవలో పోసి, సీసాలు కడిగి బోర్లించు," అన్నాను. ఆయన ఒక పెద్ద సీసా ఎత్తి, లోపల కలకండ పలుకుల్లా ఉన్నదాన్ని కాస్త ఊపి, "ఇది కూడానా బాబూ?" అన్నాడు. "దానికి లేబుల్ ఉందా?" అన్నాను. "లేదు." "మరి?" ఆయన తీసుకెళ్లి పోసేశాడు. ఆ సాయంత్రం బీరువా ముందు నిలబడి నాలో నేను ఎంత మురిసిపోయానో రాస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండో వారంలో మా అమ్మ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. పెదకూరపాడు వైపు నుంచి ఏదో సంబంధం వచ్చిందట, మంచి ఫొటో ఒకటి వెంటనే పంపమంది. బస్టాండు పక్కన స్టూడియో ఉండేది. దాని యజమానిని ఊరంతా ఫొటో భాయ్ అనేది. భాయ్ దగ్గర మేకుకి ఒక నల్ల కోటు వేలాడుతుండేది. ఆ ఊళ్లో పెళ్లీడుకొచ్చిన మగవాళ్లందరూ అదే కోటులో పెళ్లివారిళ్లకు వెళ్లినవాళ్లే. నాకది రెండు సైజులు పెద్దదైతే, వెనకవైపు బట్టలు ఆరేసుకునే క్లిప్పులు నాలుగు పెట్టి బిగించాడు. "కొంచెం నవ్వు. అంత కాదు. ఆఁ, ఇప్పుడు ఏడుస్తన్నట్టుంది, ఇందాకటిదే నయం," అంటూ ఎట్టకేలకు తీశాడు. "రీలులో ఇంకా రెండు ఖాళీ ఉన్నయ్. అవి కూడా అయినాక కడుగుతా. తొందరేంది, పిల్ల యాడికి పోద్ది?" అన్నాడు. నేను జాబితాలో రాసుకున్నాను: నాలుగో అంశం, ఫొటో.

మూడో వారం మంగళవారం. డాక్టరు గారు మీటింగుకని పొద్దున్నే నరసరావుపేట వెళ్లారు. ఆ ఏడు వాన ముఖం చాటేసింది, జొన్నచేలు మోకాలెత్తు దాటకుండానే వాడిపోయాయి. అలా ఎండకు గిడసబారిన లేత జొన్న తింటే పశువుకి నాము పట్టిందంటారు, అందులో ఉండే విషం గంట వ్యవధిలో ప్రాణం తీస్తుంది. మధ్యాహ్నం కావస్తుండగా టీకొట్టు అత్త చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. (ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్తే. మొగుడు పోయాక ఒక్క బర్రె పాలమీద బస్టాండులో టీకొట్టు నడుపుకునే మనిషి.) "అబ్బాయా! తాడు తెంపుకుని పోయి జొన్నచేలో పడ్డది. నురగ కక్కతంది, కాళ్లు కొట్టుకుంటంది, బిరాన రాయ్యా!" నేను కాగితం, కలం తీశాను. "ఒకటి: ఎంత తిన్నది? రెండు: ఎప్పుడు తిన్నది?" "అది నాకు చెప్పి తిన్నదా? లేస్తావా లేదా?" అని నా కాగితాన్ని లాగి నా జేబులోనే కుక్కింది.

చెయ్యాల్సిందేమిటో నాకు నిజంగానే తెలుసు. నోటుపుస్తకంలో ఆ పేజీ నంబరు కూడా తెలుసు. రక్తంలోకి ఎక్కించే సూదిమందు ఒక్క పశువుకి సరిపడా ఉంది. కానీ కడుపులో ఆ మేత ఉన్నంతసేపూ విషం ఊరుతూనే ఉంటుంది కాబట్టి, హైపో పలుకులు నీళ్లలో కలిపి తాగించాలి. బీరువా తెరిచాను. 'హ' అక్షరం దగ్గర ఏమీ లేదు. పై అర, కింది అర వెతికాను. "హైపో ఏదీ?" అని అరిచాను. పెద్దాయన అప్పటికే తాడూ, తాగించే వెదురుగొట్టం భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. "మొన్న తమరు కాలవలో పోయించిందే గదా బాబూ," అన్నాడు, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా. "మరి అప్పుడే చెప్పొచ్చుగా!" "లేబుల్ ఉందా అన్నారు. లేదన్నా." అత్త మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెద్దాయనే మళ్లీ అన్నాడు: "ఫొటో భాయ్ కాడ ఉంటది. వాళ్లు ఫొటోలు కడిగేది దాంతోనే. నేను బర్రె కాడికి పోతా, మీరు సైకిలెక్కండి."

సూదిమందు, గ్లూకోజు సీసా సంచిలో వేసుకుని స్టూడియో దాకా ఎలా తొక్కానో తెలియదు. ముందుగది ఖాళీ. లోపలి గది తలుపు వేసి ఉంది. తలుపు పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. దాని కింద అరచేతంత అక్షరాలతో, "ఎర్ర బల్బు వెలుగుతుంటే తలుపు తీయరాదు" అని రాసి ఉంది. అగ్గిపెట్టె మీద కూడా ఎన్ని పుల్లలున్నాయో చదివే నేను, జీవితంలో చదవని లేబుల్ అదొక్కటే. తలుపు బార్లా తీశాను. లోపల కటిక చీకట్లో భాయ్, రెండు చేతులా రీలు పట్టుకుని, దాన్ని తొట్టిలో కిందికీ పైకీ ముంచుతున్నాడు. నా వెనకనుంచి మిట్టమధ్యాహ్నపు పల్నాటి ఎండంతా ఆయన మీద పడింది.

"అరే దర్వాజా! దర్వాజా!" అని గావుకేక పెట్టి, ఆ తర్వాత చేతిలో రీలుని చూసుకుని చల్లబడిపోయాడు. "అయిపోయింది. పన్నెండు ఫొటోలూ ఒక్క దెబ్బతో తగలేశావ్ గదయ్యా." "భాయ్, హైపో కావాలి, హైపో!" "పక్క తొట్లో ఉన్నది అదే. ఇంకో రెండు నిమిషాలాగితే ఈ రీలు దాంట్లోకి దిగేది!" "బర్రె చచ్చిపోతోంది భాయ్!" "ఎవరి బర్రె?" "టీకొట్టు అత్తది." భాయ్ రోజుకి ఎనిమిది టీలు తాగే మనిషి. కోపం సగంలో ఆగిపోయింది. అటక మీదనుంచి డబ్బా దించి నా చేతిలో పెట్టాడు. "మొత్తం తీసుకుపో. ఇంక కడగటానికి నా దగ్గర ఏముందని?" అని, గుమ్మం దాటుతుంటే మళ్లీ పిలిచి, కొత్త రీలున్న కెమెరా మెళ్లో వేసుకుని నా సైకిలు వెనక ఎక్కాడు. "పద. ఇన్నేళ్లు ఫొటోలు కడిగింది, బర్రెను ఏం కడుగుతదో చూడాల."

చేలో ఇరవై మంది పోగై ఉన్నారు, ఇరవై వైద్యాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకడు మజ్జిగ పొయ్యమంటాడు, ఇంకొకడు చెవి కొయ్యమంటాడు, చెవి కొయ్యమన్నవాడి చేతిలో కత్తి కూడా ఉంది. బర్రె పక్కకి ఒరిగి, మెడ చాచి, ఒగరుస్తోంది. పెద్దాయన దాని తల కిందికి వాలిపోకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సూదిమందు కలిపిన గ్లూకోజు సీసా మెడ నరానికి పెట్టాను. ఆ పని మటుకు చేతులు వాటంతట అవే చేశాయి. తర్వాత హైపో. "ముప్పై గ్రాములు తూచాలి. త్రాసేదీ?" అన్నాను. త్రాసు ఆసుపత్రిలో ఉంది. "గుప్పెడు వెయ్యండి బాబూ," అన్నాడు పెద్దాయన. "ఎవరి గుప్పెడు?" అన్నాను (నిజంగానే అన్నాను). భాయ్ తల కొట్టుకుని, "తొట్టికి ఎంతెయ్యాలో ముప్పై ఏళ్లుగా ఈ చెయ్యి కొలుస్తంది, జరుగు," అని డబ్బాలో చెయ్యి పెట్టి పలుకులు తీశాడు. నీళ్లలో కలిపారు. పెద్దాయన గొట్టంతో మెల్లగా, కొంచెం కొంచెంగా, గుటక పడేదాకా ఆగుతూ తాగించాడు. నేను ఒక చేత్తో గ్లూకోజు సీసా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను: పన్నెండూ నలభై, ఒగర్పు ఎక్కువ. పన్నెండూ నలభై అయిదు, అదే. పన్నెండూ యాభై, అదే.

"ఏం రాస్తన్నావు అబ్బాయా, మరణ వాంగ్మూలమా?" అంది అత్త. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. బర్రె పక్కన కూలబడి దాన్ని తిట్టడం మొదలుపెట్టింది. "ఏమే, నీకు ఏం తక్కువ చేశానే? చిట్టు పెట్టలా? తవుడు పెట్టలా? నువ్వు పోతే కొట్టెవరు నడుపుతారే, మళ్లీ నన్ను మిరపకోతలకి పొమ్మంటావా? ఈ నడుంతోనా? ప్రభువా, దీనికి బుద్ధి లేదు, నువ్వన్నా చెప్పయ్యా." అప్పుడు, నాము వైద్యానికని నోటుపుస్తకంలోంచి రాసుకున్న నా జాబితా చూసుకున్నాను. పన్నెండు అంశాలూ అయిపోయాయి. పదమూడోది లేదు. పన్నెండూ చేశాక కూడా పశువు లేవకపోతే ఏం చెయ్యాలో నా నాలుగు నోటుపుస్తకాల్లో ఎవరూ రాయించలేదు. పైకెత్తిన నా చెయ్యి వణకడం మొదలైంది. సీసాలో గ్లూకోజు కూడా వణికింది. పెద్దాయన తల ఎత్తకుండానే, "మోచెయ్యి నా భుజం మీద ఆనించండి బాబూ," అన్నాడు. ఆనించాను.

ఎంతసేపో. ముందు చెవి ఆడింది. తర్వాత ఒగర్పు తగ్గింది. తర్వాత తలను పెద్దాయన ఒళ్లోంచి లాక్కుని, ఇంతమంది ఎందుకు చేరారన్నట్టు చుట్టూ చూసి, ముందుకాళ్లు ముడిచి, వెనక్కాళ్ల మీద లేచి, ఒక్కసారి తూలి నిలబడింది. భాయ్ కెమెరా టిక్కుమంది. లేచిన బర్రె చేసిన మొదటి పని, పక్కనున్న జొన్నమొక్క మీదికి మూతి చాచడం. "సిగ్గుందా నీకు!" అని అత్త దాని మూతి మీద ఒక్కటిచ్చి, ఆ మూతినే కావిలించుకుని ఏడ్చింది. చెవి కొయ్యమన్నవాడు కత్తి మొలలో దోపుకుని, "నేను చెప్తానే ఉన్నా, లేస్తదని," అన్నాడు.

తిరిగొస్తూ సైకిలు మీద భాయ్‌ని అడిగాను, తగలబడ్డ ఆ రీలులో ఎవరెవరున్నారని. "కొత్త జంట ఒకటి, చంటిపిల్లోడు ఒకడు. మళ్లీ కూచోబెడతాలే," అన్నాడు. కొంతదూరం పోయాక, "ఇంకా, కోటేసుకుని ఏడుపుమొహం పెట్టిన కాంపౌండరు ఒకడు," అన్నాడు. సాయంత్రం డాక్టరు గారు దిగీ దిగగానే నా తప్పులన్నీ వరస నంబర్లతో రాసి చేతిలో పెట్టాను. ఆయన చదివి, కలం తీసి, చివర మరో నంబరు వేసి తన చేత్తో రాశారు: "సీసాకి లేబుల్ పోయి ఏడాదైనా అతికించనిది డాక్టరు."

కోటు ఫొటో లేదు, అమ్మ నుంచి రెండో ఉత్తరం వచ్చింది. చేలో తీసిందే పంపుదామని భాయ్ దగ్గరికి వెళ్లాను. అందులో బర్రె బ్రహ్మాండంగా వచ్చింది, దాని ముక్కు మీది నురగ కూడా లెక్కపెట్టొచ్చు. అత్త సగం ఉంది. నేను మోచేతి దాకా ఉన్నాను: గాల్లో ఒక చెయ్యి, సీసా, ముంజేతికి గడియారం. అదీ మసక. "నా చెయ్యి సరిగ్గా రాలేదే భాయ్?" అన్నాను. "బర్రె కదల్లా. నువ్వే కదిలావ్," అన్నాడు. దాని మీద సిరాతో బాణం గుర్తు వేసి, "ఈ చెయ్యి నాది" అని రాసి ఇంటికి పంపాను. అమ్మ తిరుగు టపాలో, "చెయ్యి చూసి పిల్లనెవరిస్తార్రా" అని రాసింది. (ఆ సంబంధం వాళ్లు ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు తర్వాత వేరే వచ్చారు, మళ్లీ తీయించుకున్న కోటు ఫొటో చూసే ఇచ్చారు.) రెండో ప్రతి చాలాకాలం టీకొట్టులో చక్కెర డబ్బా పైన వేలాడింది. "ఈ చెయ్యి మా అబ్బాయిది," అని అత్త బస్సు దిగినవాళ్లందరికీ చూపించేది. చూపించాక వాళ్లు టీ తాగక తప్పేది కాదు.

ఆ ఫొటో, ఆనాటి కాగితం రెండూ నా దగ్గరున్నాయి. కాగితంలో చివరి వరస, "ఒకటీ ముప్పై అయిదు, అదే." ఆ తర్వాత ఏమీ లేదు. అయిదు నిమిషాలకోసారి రాసిన ఈ జాబితాల పెద్దమనిషి, బర్రె లేచిన వేళ మాత్రం రాయలేదు. మొన్న భూతద్దం పెట్టి ఫొటోలో నా గడియారం చూస్తుంటే మా ఆవిడ, "ఏం వెతుకుతున్నారు?" అంది. "ఎన్నింటికి లేచిందో," అన్నాను. తను వంగి కాసేపు చూసి, "ఇంత వణుకుతుంటే ఏం కనబడుతుందండీ," అని భూతద్దం తీసుకెళ్లిపోయింది. నేను మాత్రం ఆ మసక చేతినే ఇంకాసేపు చూస్తూ కూర్చున్నాను. చూస్తే జాలేస్తుంది గానీ, ఏమాటకామాటే, సీసా దించలేదు కుర్రాడు.