నిమిషం దాటిన చదువు

వీధిలో అందరూ ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తారు. ఆయన మాత్రం ఏ బడిలోనూ ఒక్కరోజు పాఠం చెప్పిన పాపాన పోలేదు. టీచరు పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చిన మనిషి. పన్నెండేళ్లుగా ఒక పరిశోధన సంస్థలో సర్వే పని చేస్తున్నాడు.

పొద్దున్నే ఏదో ఒక బడికి వెళ్లాలి. ఒక్కో పిల్లని పిలిచి, పేరా ఉన్న కాగితం చేతికిచ్చి, స్టాప్‌వాచ్ నొక్కాలి. నిమిషంలో ఇరవై మాటలు దాటితే ‘చదవగలరు’. దాటకపోతే ‘చదవలేరు’. సాయంత్రం లాడ్జి గదిలో మంచం మీదే పొట్లం విప్పుకుని తినాలి. ఉన్న ఒక్క కుర్చీ మీద చొక్కా కూర్చుంటుంది. ఆ పేరా ఎప్పుడో నోటికొచ్చేసింది. మాట్లాడే దిక్కులేని రోజున గోడకి అదే వినిపించేవాడు. మర్నాడు ఇంకో ఊరు. ఇన్నేళ్లలో ఏ పిల్లనీ రెండోసారి చూసి ఎరగడు.

ఆయనకో జబ్బుంది. నాలిక చివర మాట ఆడుతున్న పిల్ల చేతిలోంచి కాగితం లాక్కోలేడు. నిమిషం దాటినా ఆగేవాడు. రెండు నిమిషాలకి చదివినా చదివినట్టేగా అని ‘చదవగలరు’ మీద టిక్కు పెట్టేవాడు.

ఈ ఏడు ఆ టిక్కులకి విలువొచ్చింది. సంస్థ అంకెలు చూసి, సగం మంది చదవలేని ప్రతి బడికీ అదనంగా ఒక టీచరు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆయన పరీక్ష పెట్టొచ్చిన, ఐదు తరగతులకి ఒకే ఒక్క టీచరమ్మ ఉన్న ఒక చిన్న బడి జాబితాలో లేదు. ఆవిడ ఊరుకోలేదు. సంస్థకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది.

డైరెక్టరు ఆయన్ని పిలిపించింది. కూతురి వయసుంటుంది. కోప్పడి ఉంటే బాగుండేది.

“ఎంతసేపు ఆగారు మాస్టారూ?”

“పిల్లని బట్టండీ.”

“పిల్లని బట్టి ఆగితే ఒక బడిని ఇంకో బడితో ఎలా పోల్చమంటారు? నాకు పిల్లలు కనబడరు. అంకెలే కనబడతాయి.”

“పాపం, నిజంగానే చదివారండీ.”

“చదివారు. అందుకే వాళ్లకి టీచరు రాలేదు.”

డైరెక్టరు ఆ బడి ఫారాలు ఆయన ముందుకి జరిపింది.

“శుక్రవారం జాబితా ఖాయమైపోతుంది. మీరే వెళ్లి మళ్లీ పరీక్ష పెట్టండి. నిమిషమంటే నిమిషం.”

మర్నాడే వెళ్లాడు. టీచరమ్మ వరండాలో ఒక తరగతికి ఎక్కాలు చెబుతూ, కిటికీలోంచి ఇంకో తరగతిని గదమాయిస్తోంది.

“రండి ధర్మప్రభువులూ! ఊరికే పాస్ చేసేసి వెళ్లారు. మీ మంచితనం కాదుగానీ మా కొంప మునిగింది.”

“పొరపాటైపోయిందమ్మా.”

“నాకెందుకండీ చెప్తారు? రెండో తరగతి పిల్లలకి చెప్పండి. వాళ్లు నా మొహం చూసి నాలుగు రోజులైంది.”

చదివి చూపాల్సింది పద్దెనిమిది మంది. తొమ్మిది మంది చదవలేకపోవాలి. పదిహేడు మంది అయ్యేసరికి ఎనిమిది మంది చదవలేనివాళ్లుగా తేలారు. చివరికి రెండు జడల పిల్ల పరిగెత్తుకొచ్చింది.

“తాతా, మళ్లీ వచ్చావా! నువ్వొస్తావని రోజూ చదువుకుంటున్నా.”

ఆయన కోసం ఎదురుచూసిన మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారని ఆయనకి తెలియడం అదే మొదలు. తలెత్తకుండా స్టాప్‌వాచ్ నొక్కాడు.

పిల్ల వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. పద్దెనిమిది. పంతొమ్మిదో మాట సగంలో ఉండగా నిమిషమైంది. ఆయన కాగితం అందుకున్నాడు. ఆ పిల్ల రెండో కొస వదల్లేదు.

“ఇంకా ఉంది తాతా.”

“చాలమ్మా.”

“పోయినసారి ఆగావుగా?”

కాగితం మెల్లగా లాక్కున్నాడు. ‘చదవలేరు’ మీద టిక్కు పెట్టాడు. తొమ్మిది. కిటికీ అవతల టీచరమ్మ ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

పిల్ల కదల్లేదు. “బాగా చదివానా?” అంది, మెడ సాచి ఫారంలోకి చూడబోతూ.

“చాలా బాగా చదివావు,” అన్నాడాయన, టిక్కు మీద అరచెయ్యి అడ్డంపెట్టి.