బొట్టు పెట్టే జాగ లేని మిషన్

ఆ రోజుల్లో బొంబాయిలో, మా తెలుగువాళ్ల కామాటిపురలో ఎవరింటికైనా కొత్త మిషన్ వచ్చిందంటే కొత్త కోడలు వచ్చినంత హడావిడి. చాల్ మొత్తం (వరుసగా గదులు, ముందు ఒకే వరండా, చివర అందరికీ ఒకే నల్లా ఉన్న కట్టడాన్ని మేం చాల్ అంటాం) వచ్చి చూసిపోవాలి, ధర అడగాలి, మోసపోయారని తేల్చాలి. ఆ తర్వాత ఆ మిషన్ బాగా నడిస్తే అది అందరిది. చెడిపోతే మాత్రం కొన్నవాళ్లదే. అప్పుడు వారంటీ కార్డు అనే అట్టముక్కను బయటికి తీసి, దేవుడి పటం చూసినట్టు చూసేవాళ్లం. ఆ కార్డు పట్టుకుని నిజంగా దుకాణం మెట్లెక్కి, అనుకున్నది సాధించుకొచ్చిన మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె మా చిన్నత్త.

చిన్నత్త మా నాన్నకు చెల్లెలు. మా పక్క గదిలోనే ఉండేది, బీడీలు చుట్టేది. మామ తాపీమేస్త్రీ. బొంబాయిలో మేడలు కట్టి కట్టి, చివరికి మస్కట్‌లో కట్టడానికి వెళ్లాడు. ఇద్దరికీ చదువు రాదు. ఉత్తరం రాయాలంటే ఇక్కడ ఒకరు రాయాలి, అక్కడ ఒకరు చదవాలి. ఈ మధ్యలో మొగుడూ పెళ్లాల మాట నలుగురి నోళ్లలో నాని చప్పబడిపోతుంది. అందుకని మామ తన మాటలు క్యాసెట్‌లో నింపి, సెలవు మీద వచ్చే మనవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. మొదట్లో అత్తకు టేపు రికార్డర్ లేదు. గల్లీ మూల దర్జీ దుకాణంలో వినేది. అక్కడ వినడమంటే ఫోరస్ రోడ్ దాకా వినిపించడమే. ఒకసారి మామ పాపం, ఏ మూడ్‌లో ఉన్నాడో, "నువ్వు యాదికొస్తే కడుపుల ఎట్లనో ఐతదే" అన్నాడు. మర్నాడు నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు కింద పెట్టి మరీ "ఇయ్యాల కడుపుల ఎట్లుందక్కా?" అని పరామర్శించారు. అత్త కొన్నాళ్లు రెట్టింపు బీడీలు చుట్టి, సొంతంగా టేపు రికార్డర్ కొనేసింది. "మొగడు పెండ్లాం మాట్లాడుకోనీకి నడుమ దర్జీ ఎందుకు?" అంది. 

దుకాణంవాడు కార్డు చేతిలో పెట్టి, "ఏడాది లోపల ఏమైనా బాధ్యత మాది" అన్నాడట. అత్త ఆ మాటను పెళ్లినాటి ప్రమాణం లాగా తీసుకుంది. ఇంతలో దసరా వచ్చింది. మాది తాపీ పట్టిన వంశం. దసరానాడు తాపీలు, తూకం గుండు, మట్టపుచెక్క అన్నీ కడిగి, గోడవారగా పెట్టి పూజ చేస్తాం. ఇంట్లో అన్నం పెట్టే సామాను ఏదైనా సరే, ఆ రోజు బొట్టు లేకుండా ఉండకూడదు. నేను ఆ ఏడే బీకాం పాసై కోటలో (ఫోర్ట్‌ను మావాళ్లు కోట అనేవాళ్లు) ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను కాబట్టి నా ఫౌంటెన్ పెన్నుకూ బొట్టు పడింది. కొత్త టేపు రికార్డర్‌ను మధ్యలో కూర్చోబెట్టి, నెత్తిమీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు భక్తిగా చిలకరించింది అత్త. మిషన్‌కు స్పీకర్ నెత్తిమీదే ఉంది. దానికి జల్లెడలాగా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి ఆ దేవతకు ఎంత ప్రసాదం ముట్టిందో మాకప్పుడు తెలియదు.

దసరా తర్వాత మిషన్ కాస్త ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టింది. "జలుబు చేసిందేమో" అన్నాను నేను, బీకాం చదివినవాణ్ణి. సరిగ్గా అప్పుడే మామతో పాటు మస్కట్‌లో ఒకే గదిలో ఉండే పాలమూరు మనిషి వచ్చాడు. సెలవు మీద వచ్చినవాడు నేరుగా ఊరికి పోయాడట. మామ ఇచ్చిన క్యాసెట్ ఆయన సంచిలోనే పాలమూరు చూసి, ఆయన తిరుగు ప్రయాణంలో మా గడప తొక్కింది.

"రేపు సాయంత్రం నా ఇమానమక్కా," అన్నాడాయన వరండాలో కూర్చుని. "అన్న అగ్రిమెంటు ఐపోతున్నది. ఇంకో రెండేండ్లకు సంతకం వెట్టుమని సేఠ్ ఎంబడి పడ్డడు. నా పెండ్లాం ఏమంటే గదే అన్నడు అన్న. నీ జవాబు నింపి నా చేత్కియ్యి."

అప్పటికి మామ వెళ్లి ఏళ్లు గడిచాయి. ఆయన వస్తాడా, ఇంకో రెండేళ్లు అక్కడే ఇసుకలో ఉండిపోతాడా అన్నది ఆ క్యాసెట్ మీద ఆధారపడి ఉంది. అత్త తలుపు దగ్గరికి వేసి క్యాసెట్ పెట్టింది. లోపలినుంచి మామ గొంతు కాదు, గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. మిషన్ క్యాసెట్ రీలును నమిలేసింది. మూత తెరుచుకోదు, క్యాసెట్ బయటికి రాదు. చాల్ అంతా చేరింది. ఒకరు స్క్రూడ్రైవర్ తెచ్చారు, ఒకరు అట్లకాడ తెచ్చారు.

"ఎవ్వరు చెయ్యి వెట్టొద్దు," అని అత్త మిషన్‌కు అడ్డంగా కూర్చుంది. "వారంటీ ఉన్నది."

"నోటితోనే చెప్పు అక్కా, పొయ్యి అన్నకు చెప్త," అన్నాడు పాలమూరాయన.

"నీకు చెప్పే మాటైతే నీకే చెప్తుంటి గదా!" అంది అత్త. కానీ ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఆమె అన్నం మానడం నేను చూడటం అదే మొదలు.

పొద్దున్నే నా ఆఫీసుకు సెలవు పెట్టించింది. "అల్లుడా, నువ్వు ఇంగ్లీషుల ఒక్కటి కొట్టు. కడమది నేను చూస్కుంట." నేను టై కట్టుకున్నాను. మిషన్‌ను పాత చీరలో మూటకట్టి, చంకన పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అత్త ముందు నడిచింది. నేను వెనక "అండర్ ది టర్మ్స్ అండ్ కండిషన్స్" అని వల్లె వేసుకుంటూ నడిచాను. వారంటీ కార్డు మీద రాసిన కంపెనీ సర్వీస్ సెంటర్ గ్రాంట్ రోడ్ అవతల ఉంది. అద్దాల తలుపు, పైన ఫ్యాను, ఇస్త్రీపెట్టెలూ రేడియోలూ ఒళ్లో పెట్టుకుని వరుసగా కూర్చున్న జనం. మా వంతు వచ్చింది. కౌంటర్ బాబు ముందు నా వాక్యం మొదలుపెట్టాను. ఆయన అంతకంటే పొడుగు వాక్యం అంతకంటే వేగంగా నా మొహాన కొట్టాడు. దాంతో నా ఇంగ్లీషు సమాప్తం.

బాబు మిషన్ అడుగు విప్పి, కళ్లద్దాలు సర్దుకుని, లోపల వేలితో గీకి, ఆ వేలు అందరికీ చూపించాడు. ఎర్రగా, పసుప్పచ్చగా, జిగటగా ఉంది. కొబ్బరి పీచు కూడా ఒకటి వచ్చింది.

"ఇదేమిటి?" అన్నాడు మరాఠీలో. (వాదన అంతా మరాఠీలోనే జరిగింది. నేను తెలుగులో రాస్తున్నాను. అత్త మరాఠీ సగం తెలుగే కాబట్టి పెద్దగా నష్టం లేదు.)

"ఫ్యాక్టరీలోనే పడిందేమో సార్," అన్నాను నేను.

"ఫ్యాక్టరీల ఎందుకు పడ్తది? నేనే వెట్టిన," అంది అత్త తల ఎత్తి. "దసరాకు వెట్టకుంటె ఎట్ల?"

"అయితే తప్పు మీదే. వారంటీ చెల్లదు. తీసుకుపొండి."

అత్త తీసుకుపోలేదు. బాబు భుజం మీదుగా లోపలికి చూసింది. అక్కడ బల్ల ముందు మెకానిక్ కూర్చున్నాడు. అతని పక్కన ముల్లు ఊగే ఒక మీటర్ ఉంది. దాని నుదుటన కుంకుమ బొట్టు, మెడలో ఎండిన బంతిపూల దండ.

"అదేంది?" అంది అత్త.

బాబు వెనక్కి తిరిగి చూశాడు. వరుసలో ఉన్నవాళ్లందరూ మెడలు సాచి చూశారు.

"అది... మేం బయట పెట్టాం," అన్నాడు బాబు. "లోపలికి పోలేదు."

"నీ మిషన్‌కు నుదురున్నది, వెట్టుకున్నవు. నా మిషన్‌కు నెత్తినిండ బొక్కలు వెట్టి అమ్మినరు. బొట్టు ఏడ వెట్టాలె నేను? ఈ దేశంల అమ్మే మిషన్‌కు బొట్టు వెట్టే జాగ ఉండాల్నా వద్దా? దసరా ఒస్తదని మీ కంపెనీకి తెల్వదా?"

వరుసలో ఎవరో "బరోబర్ హై!" అన్నారు. ఒక పెద్దావిడ తన ఇస్త్రీపెట్టె తిప్పి చూపించింది. దాని పిడి మీద కూడా కుంకుమ ఉంది. లోపల మెకానిక్ అప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. లేచి వచ్చి, బాబును అడక్కుండానే మిషన్ తీసుకెళ్లాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో ప్రసాదమంతా తుడిచాడు. క్యాసెట్‌ను నొప్పి కలగకుండా బయటికి తీసి, పెన్సిల్‌తో రీలు చుట్టాడు. నేను జీవితంలో అంత గర్వంగా ఎవరి పక్కనా నిలబడలేదు. 

మెకానిక్ పరీక్ష కోసం మీట నొక్కాడు. సెంటర్ అంతటా మామ గొంతు మోగింది. "ఏమే... ఇంటున్నవా? ఒక్కదానివే ఉన్నవా? ఎవ్వరన్న ఉంటె బంద్ చెయ్యి."

అత్త కౌంటర్ మీదికి వంగి ఠక్కున ఆపేసింది.

"విను అత్తా, వీళ్లెవరికీ తెలుగు రాదు," అన్నాను.

"నీకు రాదా?" అంది. "ఈ ఊర్ల గోడలకు గూడ తెలుగొస్తదిరా. కట్టినోళ్లు మనోళ్లే."

"ఇంటికి తీస్కపోదాం మరి."

"ఇంట్ల చాల్ అంత కూసున్నది క్యాసెట్ కోసం. మన గదుల నడుమ చెక్కలే గదా ఉన్నయి." అత్త అద్దాల తలుపు చూసింది, మందపాటి గోడలు చూసింది, తిరుగుతున్న ఫ్యాను చూసింది. మిషన్ సొంతమైనా, దాన్ని వినే చోటు తనకు లేదని ఆమెకప్పుడే తట్టినట్టుంది. మెకానిక్ వైపు తిరిగి, మరాఠీలో అన్నా అని పిలిచి, మెల్లగా చెప్పింది. "భావూ, నా మొగడు మస్కట్‌ల ఉన్నడు. ఉండమంటవా రమ్మంటవా అని అడుగుతున్నడు. ఇయ్యాల్నే జవాబు పంపాలె. నాకు జర్రసేపు ఈ జాగ ఇయ్యి."

మెకానిక్ గోడ గడియారం చూశాడు. అది ఇంకా భోజనం వేళ కాదు. "లంచ్ టైమ్!" అని అరిచాడు. "అందరూ బయటికి!"

ఆశ్చర్యం ఏమిటంటే అందరూ లేచారు. ఇస్త్రీపెట్టె పెద్దావిడ, రేడియోలవాళ్లు, మెకానిక్, చివరికి గొణుక్కుంటూ కౌంటర్ బాబు కూడా వచ్చి ఫుట్‌పాత్ మీద ఎండలో నిలబడ్డారు. వాళ్లతో పాటు టైతో నేను. అద్దంలోంచి అత్త కనిపిస్తోంది. మిషన్‌కు చెవి ఆనించి వింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత క్యాసెట్ తిప్పి పెట్టి, రికార్డు చేసే రెండు మీటలు కలిపి నొక్కి, మాట్లాడటం మొదలుపెట్టింది. నవ్వుతూ మాట్లాడింది, వేలు చూపిస్తూ మాట్లాడింది. ఆ ఎండలో ఎవరూ విసుక్కోలేదు. బాబు మాత్రం ఒకసారి "ఎంత పెద్ద జవాబు!" అన్నాడు. పెద్దావిడ ఆయన్ని ఒక చూపు చూసేసరికి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం క్యాసెట్ విమానమెక్కింది. వానలు పడేలోగా మామ దిగాడు. మళ్లీ బొంబాయిలోనే పరంజా ఎక్కాడు, ఇక ఎక్కడికీ పోలేదు. అత్త ఏం చెప్పిందని ఎన్నోసార్లు అడిగాను. మామ మీసంలో నవ్వుకుని, "మిషన్ మంచిగ చేసిచ్చిన్రని చెప్పింది" అనేవాడు. అత్తను అడిగితే "నీకు పెండ్లైనంక నీకే తెలుస్తది" అనేది.

నాకు పెళ్లయ్యింది, పిల్లలకూ పెళ్లిళ్లయ్యాయి. ఇప్పుడు నా జేబులో సొంత ఫోన్ ఉంది. లోకల్ రైల్లో నిలబడి, డబ్బా అంతా వినేలా మా ఆవిడతో మాట్లాడతాను. వంకాయలు తేవాలా, బెండకాయలు తేవాలా అని. ఎవరూ వినకపోతే బాగుండునని నాకెప్పుడూ అనిపించదు. నిన్న దిగేముందు ఊరికే "నువ్వు యాదికొచ్చినవే" అందామనుకున్నాను. చుట్టూ చూశాను. ఇంత జనాన్ని బయటికి పొమ్మనే ధైర్యం నాకెక్కడిది? "బెండకాయలే తెస్తాను" అని ఫోన్ పెట్టేశాను.