గేట్ అర్రే, అక్క పెండ్లి పత్రిక

ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో సెమినార్‌కి నా వంతుకి ‘గేట్ అర్రే’ వచ్చింది. చీటీలు తీయించి పంచారు. పక్కవాళ్ళకు రాడార్లూ ఉపగ్రహాలూ పడితే నాకు ఇది పడింది. దేశం తలుపులు కొత్తగా తెరిచిన రోజులవి. బెంగుళూరులో చిప్పులు గీసే కంపెనీలు వస్తున్నాయనీ, ఈ మాట తెలిసినవాళ్ళను పిలిచి ఉద్యోగం ఇస్తారనీ వేలూరంతా చెప్పుకునేవారు. మా కాలేజీలో మాత్రం అలాంటి చిప్పును కంటితో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడనిదాన్ని గురించి అరగంట మాట్లాడటమే చదువని మాకు అప్పటికే అలవాటైపోయింది.

‘సగం ముందే చేసి, సగం కొనేవాడి కోరిక ప్రకారం పూర్తిచేసే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్’ అని పుస్తకంలో ఉంది. గుడియాత్తం బస్సులో కూర్చుని వల్లె వేసేదాన్ని. కే.వి.కుప్పం దాకా నోట్లో ఉండేది, కాట్పాడి వచ్చేసరికి ఎటో పోయేది. చివరికి అది తలకెక్కింది మా నాయన అంగడిలో.

నాయనది గుడియాత్తం బజారులో పెండ్లి పత్రికల అంగడి, వెనక వైపు చిన్న అచ్చు మిషను. పత్రికలు శివకాశి నుంచి కట్టలుగా వచ్చేవి. దేవుడి బొమ్మ, బంగారు అంచు, అరటి చెట్లు అన్నీ ముందే అచ్చయి ఉంటాయి. కింద ఖాళీ. ఎవరి పెండ్లి అయితే వాళ్ళ పేర్లు ఆ ఖాళీలో కొట్టి సాయంత్రానికి చేతిలో పెట్టడమే నాయన పని. గేట్ అర్రే కూడా ఇంతే. లెక్కలు చేసే చిన్న చిన్న గేట్లను వేలకొద్దీ సిలికాన్ పలక మీద వరసలుగా చేసి ఫ్యాక్టరీవాళ్ళు దాచిపెట్టుకుంటారు. కొనేవాడు వచ్చి దేన్ని దేనితో కలపాలో చెబితే, పైన ఆఖరి లోహపు తీగల పొర మాత్రం అతని కోసం వేస్తారు. పని త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. కింద ఉన్నదాన్ని మాత్రం ఎవరూ మార్చలేరు. పైపొర ఒక్కటే తనదైనా, కొన్నవాడు చిప్పంతా తన కోసమే పుట్టిందని మురిసిపోతాడు.

అదే నెలలో అక్కకు పళ్ళికొండ సంబంధం కుదిరింది. హైవే పక్కన అంగడి ఉన్న తెలుగువాళ్ళు. మాలాగే ఇంట్లో తెలుగు, కాగితం మీద తమిళం. తెలుగు గడగడా మాట్లాడతాం, రాసి చూపిస్తే ఇవి అక్షరాలా జాంగ్రీలా అని అడుగుతాం. నాయన శాంపిలు పత్రికలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, ఆయన తల్లి, మా అవ్వ, ఒకే ఒక్కటి కోరింది.

“పైన ఒక్క వరుస మన అక్షరాల్లో ఉండాల నాయనా. శ్రీరస్తు, శుభమస్తు అని. మా పుట్టింట్లో ఏ పెండ్లి పత్రిక అయినా అట్లనే ఉండేది. నీ పెండ్లికి మీ నాయన అంతా అరవంలోనే కొట్టించినాడు. దీని పెండ్లికన్నా కండ్లజూసి పోతా.”

“నీకు చదవనే రాదు గదమ్మా,” అన్నాడు నాయన.

“ఉండనీలే,” అంది అవ్వ.

అవ్వకు చదువు రాదన్నది మా ఇంట్లో పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత గట్టి మాట. రేషన్ కార్డుకు వేలిముద్రే వేసింది. అయినా కన్నతల్లి నోరు తెరిచి అడిగింది కదా అని నాయన సరేనన్నాడు. ముందు చూపించిన పత్రికలో కుమారస్వామి వల్లీ దేవసేనలతో ఉన్నాడు. “పెండ్లి పత్రికలో ఇద్దురు పెండ్లాలేందిరా?” అంది అవ్వ. “మన ఎంకటేశ్వర సామికి మాత్రం ఎందురు పెండ్లాలు?” అన్నాడు నాయన. కుమారస్వామినే ఖాయం చేశారు, ఇద్దరు దేవేరులతో సహా. కింద పొర కొనేవాడి చేతిలో ఉండదని నేను సెమినార్ కోసం రాసుకున్నాను.

మా మిషనుకి తెలుగు అక్షరాలు లేవు. చిత్తూరు పోయేవాళ్ళతో చెప్పి ఆ ఒక్క వరుసకు లోహపు బ్లాకు చేయించి తెప్పించాడు నాయన. మా కంపోజిటర్ తమిళాయన, పనిమంతుడు. బ్లాకును దేవుడి బొమ్మ కింద, పేర్ల పైన బిగించి ప్రూఫు తీశాడు. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. అమ్మ చూసింది, అక్క చూసింది. పళ్ళికొండ నుంచి పెండ్లికొడుకు తండ్రి వచ్చి, “రొంబ లచ్చనంగా ఉండాది బావా,” అన్నాడు. నేనూ చూశాను. కాబోయే ఇంజనీరును కదా, ఎడం సమంగా వచ్చిందని చెప్పాను. పత్రికలు ఊరంతా పంచారు. జౌళి అంగడి ఆయన ఆ వరుసను వేలితో తడిమి కళ్ళకద్దుకున్నాడు.

అవ్వ మాత్రం ఒక పత్రిక తీసుకుపోయి దేవుడి గూట్లో నిలబెట్టింది, సామి తల కిందికి పెట్టి.

“అత్తకు చూపు బొత్తిగా పోయినట్టుండాది,” అంటూ అమ్మ దాన్ని సరిగ్గా తిప్పేది. పొయ్యి వెలిగించి వచ్చేసరికి సామి మళ్ళీ తలకిందులు. రోజూ ఇదే వరస. పెండ్లి అయిపోగానే వేలూరు తీసుకుపోయి కండ్లు చూపిద్దామన్నాడు నాయన.

సెమినార్ రోజు అట్ట మీద రెండు పత్రికలు అంటించాను, ఒకటి ఖాళీది, ఒకటి అక్కది. “ఇది ముందే చేసి పెట్టుకున్న పొర, ఇది కొనేవాళ్ళ ఇష్టప్రకారం వేసిన ఆఖరి పొర,” అని చెబుతుంటే అందరూ తలలూపారు. మార్కులు వేసేవాళ్ళలో తిరుపతి వైపు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ ఒకాయన ఉన్నాడు. ఆయన లేచి వచ్చి అక్క పత్రికను ఊడదీసి, తలకిందులుగా తిప్పి చూశాడు.

“ఈ ఆఖరి పొర వేసేముందు ఎవరైనా చూసుకున్నారామ్మా?”

“ఇంటిల్లిపాదీ చూశాం సార్.”

“తెలుగు వరుస తలకిందులుగా పడింది.”

హాలంతా నవ్వింది. నా ముఖం మాడిపోయింది. ఆయన మాత్రం మంచి మార్కులే వేశాడు. గేట్ అర్రేలో అసలు ప్రమాదం ఇదేనట. కొనేవాడు సరేనన్నదాన్ని ఉన్నదున్నట్టే వేసిస్తారు, వేశాక ఇక దిద్దడానికి లేదు. ఉదాహరణ చాలా బాగా ఎంచుకున్నావని కూడా మెచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చే బస్సులో, అవ్వ కళ్ళకేమీ కాలేదని నాకు తట్టింది.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. అమ్మానాయనా మేల్పాడి చుట్టాలకు పత్రికలివ్వడానికి పోయారు.

“నీకు చదవను వస్తాదా అవ్వా?”

“వీధి బడిలో రెండేండ్లు కూసున్న్యా.”

“మరి రేషన్ కార్డుకు వేలిముద్ర ఎందుకేసినావు?”

“దాంట్లో రాసిందంతా అరవం. ఏం రాసినారో తెలీనిదానికి చేవ్రాలు యాడ పెట్టేది? అరవం రాదంటే చదువే రాదనుకున్నారు. అనుకోనీలే అని ఊరుకున్న్యా.”

“ప్రూఫు వచ్చినప్పుడన్నా చెప్పుండచ్చు గదా.”

“నాకెవురు చూపించినారు? చదువురానిదానికి చూపించేదేముండాది?”

నిజమే. అడిగిన మనిషికి తప్ప అందరికీ చూపించారు. నాకు ఏడుపు వచ్చింది.

“నాయనకు చెప్తా. మళ్ళీ కొట్టిస్తాడు,” అన్నాను.

“వద్దు పాపా. పంచేసినాడు. ఊరంతా బాగుండాదంటా ఉండారు. చదివేవాళ్ళుంటే గదా అది తప్పు. ఎవురూ లేనప్పుడు ఉత్త బొమ్మ.”

దేవుడి గూట్లో, అమ్మ పోతూ పోతూ సరిచేసిన పత్రిక నిటారుగా నిలబడి ఉంది. తీసి తెచ్చి అవ్వ ముందు కూర్చున్నాను.

“నాకు నేర్పవ్వా,” అన్నాను.

అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.

“అయితే ముందు సామిని తలకిందులు చెయ్ పాపా,” అంది. “అక్షరం నిలబడాల గదా.”