రెండోసారి ఏరిన ఆకు

ఎనభైల మొదట్లో మాట. పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు కోసం నేను కూర్చున్నదానికంటే లేచి తిరిగిందే ఎక్కువ. రోడ్డు దాకా వెళ్ళడం, ఏ బస్సూ కనపడక విసుక్కుంటూ వెనక్కి రావడం. బెంచీ మీద ఒకావిడ మాత్రం ఒళ్ళో టవల్ పరుచుకుని గురుగాకు ఏరుతోంది. లేత ఆకులు ఒక పక్కకి, కాడలూ గడ్డీ ఇంకో పక్కకి. ఆమె నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"ఎంతసేపు తిరుగుతావమ్మా, కూసో" అంది.

"నువ్వు యాడికి పోవాలక్కా?"

"మదనపల్లికి. నా బిడ్డ ఆస్పత్రిలో ఉండాది. ఒంట్లో రగతం లేదంట, ఆకుకూర బాగా పెట్టమనినారు. ఆడ్నే రాళ్ళు పెట్టి ఉడకేసి, సంగటిలోకి పెడతా."

ఏరడం అయిపోయింది. ఇక మూట కడుతుందనుకున్నాను. ఆమె రోడ్డు వైపు ఒకసారి చూసి, ఆకుల్నీ కాడల్నీ రెండు చేతులతో కలిపేసి, మళ్ళీ మొదటినుంచి ఏరసాగింది.

నేను చూస్తుండడం గమనించి, "సేతులు ఊరికే ఉంటే బిడ్డే కండ్లల్లో మెదల్తాండాదమ్మా" అంది.

నేను పక్కన కూర్చుని గుప్పెడాకు నా ఒళ్ళోకి తీసుకున్నాను. అంతలో మదనపల్లె బస్సు వచ్చింది. ఆమె ఆకూ కాడా కలిపే మూట కట్టుకుని పరుగెత్తింది.

ఇప్పటికీ పిల్లలు ఇంటికి రావడం ఆలస్యమైతే నేను తోటకూర ముందేసుకుని కూర్చుంటాను. కూర ఎప్పుడవుతుందని మా ఆయన అడగడు. ఏరిన ఆకుని నేను మళ్ళీ కాడల్లో కలపడం ఆయన ఒకసారి చూశాడు.